‘జ్ఞా’ అక్షరం చేసిన నేరమేమిటి?

2018లో ఖరీదైన ఫోన్లు ఆగిపోయిన వైనం - చుట్టుదారి పట్టి గట్టెక్కిన తీరు - పింఛను జాబితాలో పేరుకూ ఇదే గండం

అనంతపురం: అక్షరాభ్యాసం నాడు పలక మీద దిద్దించే ఓనమాలు ఎవరికీ కీడు చేయవు. ‘జ్ఞానం’ అనే మాటకు మొదటి అక్షరమైన ‘జ్ఞా’ అసలే చేయదు. అయినా 2018 ఫిబ్రవరిలో ఈ తెలుగు అక్షరం పేరు దేశదేశాల పత్రికలకు ఎక్కింది. మంచి పేరుతో కాదు. వేలకు వేలు పోసి కొన్న ఫోన్లను ఈ ఒక్క అక్షరం నిలువునా పడగొడుతోందని ఆ వార్తల సారాంశం.

అమెరికాకు చెందిన ఆపిల్ కంపెనీ ఐఫోన్లకు ఎవరైనా ఈ అక్షరాన్ని ఒక ప్రత్యేక పద్ధతిలో రాసి పంపితే చాలు, దాన్ని తెర మీద చూపబోయి ఆ ఫోను తల్లడిల్లిపోయేది. సందేశాలు చదివే యాప్ తెరిచిన మరుక్షణం మూసుకుపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అంతే. ఆ సందేశం నోటిఫికేషన్‌గా ఫోను ముఖం మీదికి వచ్చిందంటే యాప్‌తో ఆగేది కాదు, ఫోనే పదేపదే ఆగి మొదలయ్యేది. అప్పట్లో ఆ ఫోన్లలో నడుస్తున్నది ఐఓఎస్ 11.2.5 అనే సాఫ్ట్‌వేర్. అదే కంపెనీ కంప్యూటర్లకు, చేతి గడియారాలకు కూడా ఈ బెడద తప్పలేదు.

మన పల్లెల్లో ఎక్కువమంది చేతుల్లో ఉండేవి ఆండ్రాయిడ్ ఫోన్లు. వాటికి ఈ లోపం అంటలేదు. అయితే వానలు మొహం చాటేసిన ఏడల్లా ఊళ్ళకు ఊళ్ళు బెంగుళూరు బస్సు ఎక్కే ప్రాంతం ఇది. కూలికి పోయినవారు ఉన్నారు, చదువుకుని కంప్యూటరు కొలువుల్లో చేరినవారూ ఉన్నారు. ఊరి నుంచి అమ్మ క్షేమం, అక్కడి నుంచి కొడుకు క్షేమం తెలిసేది ఈ తెలుగు అక్షరాల మీదుగానే. అటువంటి చోట “తెలుగులో రాస్తే ఫోను చెడిపోతుందట” అనే మాట పుట్టడం చిన్న సంగతి కాదు. అందులో నిజమెంత, పుకారు ఎంత అన్నది తెలుసుకోవడం అవసరం.

ధర్మవరం మగ్గం చెప్పే పాఠం

సంగతి అర్థం కావాలంటే ఏ ఇంజనీరు దగ్గరకో పోనక్కర లేదు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ధర్మవరం దాకా పోతే చాలు.

పట్టుచీర అంచు మీద నెమలి దిగాలంటే మొదట డిజైను గీసేవారు గళ్ళ కాగితం మీద నెమలిని గీస్తారు. ఆ గీత మగ్గానికి అర్థం కాదు. అందుకని ఆ గళ్ళను చూసుకుంటూ అట్టలకు బెజ్జాలు కొట్టే పని ఒకటి ఉంటుంది. ఆ అట్టలను వరుసగా కట్టి జాకార్డుకు తగిలిస్తారు. బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అలా వరుస మీద వరుస నేస్తే నెమలి దిగుతుంది. ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మారీ జకార్డ్ 19వ శతాబ్దం మొదట్లో తెచ్చిన పద్ధతి ఇది. ఆ బెజ్జాల అట్టలే తర్వాతి కాలంలో కంప్యూటర్లకు లెక్కలు అందించే అట్టలకు దారి చూపాయి.

కంప్యూటరు పని కూడా ఇంతే. మనిషి రాసే ప్రోగ్రాము గళ్ళ కాగితం వంటిది. దాన్ని యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చే దాన్ని కంపైలర్ అంటారు. అది అట్టలు కొట్టేవారి వంటిది. యంత్రం మగ్గం. తెర మీద కనిపించే అక్షరం చీర మీది నెమలి.

ఇప్పుడు నెమలికి తోక వంకర వచ్చిందనుకుందాం. గీసినవారు తమ కాగితాన్ని వందసార్లు చూసుకున్నా తప్పు దొరకదు. ఎందుకంటే తప్పు కాగితంలో లేదు, అట్టలు కొట్టడంలో ఉంది. కొత్త అట్టలు వచ్చేదాకా మగ్గం నిలపలేరు, షావుకారు ఆగడు. అప్పుడేం చేస్తారు? ఏ మెలిక దగ్గర అట్ట తప్పుతోందో కనిపెట్టి, ఆ మెలికనే వేరే విధంగా గీస్తారు. నెమలి మాత్రం సరిగ్గానే దిగుతుంది.

ప్రోగ్రాములు రాసేవారు దీన్ని వర్క్‌అరౌండ్ అంటారు. తెలుగులో చుట్టుదారి అనవచ్చు. వంక పొంగి దారి తెగితే, రోడ్డు వేసేదాకా ఎవరూ ఇంట్లో కూర్చోరు. గట్టు మీదుగా చుట్టు తిరిగి పొలం చేరతారు. అక్షరాల వరుసను తెర మీదికో కాగితం మీదికో పంపేచోట కంపైలర్ తప్పినా, ఇంకే భాగం తప్పినా ప్రోగ్రామర్లు చేసేది ఈ పనే.

2018 నాటి తప్పు కంపైలర్‌ది కాదు. కోర్‌టెక్స్ట్ అనే భాగానిది. అక్షరాలను కూర్చి తెర మీదికి దించడం దాని పని. అంటే అట్టలు సరిగ్గానే ఉన్నాయి, మగ్గంలోనే ఒక పట్టు తప్పింది. కాని కష్టం ఒకటే. వాట్సాప్ రాసినవారు ఏ తప్పూ చేయలేదు, అయినా పడిపోయింది వాట్సాప్. తెలుగు రాసినవారు ఏ తప్పూ చేయలేదు, అయినా నింద పడింది తెలుగు మీద.

తెర వెనుక కంపోజిటర్

సీసపు అక్షరాలతో అచ్చు వేసిన రోజులు చూసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఇంగ్లీషు కంపోజింగ్ సులువు. అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతే సరి. తెలుగు అలా కాదు. తలకట్టు పైన రావాలి, ఒత్తు కింద పడాలి, దీర్ఘం పక్కకు సాగాలి. తెలుగు కేసులో గళ్ళు ఎక్కువ, చేయి తిరగడానికి ఏళ్ళు పట్టేది.

ఫోనులో తెలుగు అక్షరం బొమ్మగా ఉండదు. ముక్కలుగా ఉంటుంది. ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకు నంబర్లు ఇచ్చే యూనికోడ్ అనే ఏర్పాటు 1991లో మొదటిసారి వెలువడినప్పుడే తెలుగుకు అందులో చోటు దొరికింది. మొత్తం 128 గళ్ళు తెలుగుకు కేటాయించారు. ఆ లెక్కలో ‘జ్ఞా’ అంటే ఒక అక్షరం కాదు, నాలుగు ముక్కలు. జ ఒకటి, పొల్లు ఒకటి, ఞ ఒకటి, దీర్ఘం ఒకటి. ఈ నాలుగూ ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. జ కింద ఞ ఒత్తు వేసి, పైన దీర్ఘం తగిలించి, చూసేవారికి ఒకే అక్షరంగా కనిపించేట్టు కూర్చే బాధ్యత ఫోనుది. సందేశం తెరిచిన ప్రతిసారీ తెర వెనుక ఒక కంపోజిటర్ కూర్చుని ఈ పని చేస్తున్నాడనుకుంటే పొరపాటు లేదు.

పిలవని పేరంటం

నాలుగు ముక్కలే అయితే ఏ చిక్కూ లేదు. జ్ఞానం, విజ్ఞానం, ఆజ్ఞ, ప్రతిజ్ఞ అని మామూలుగా రాసినవారి ఫోన్లు 2018లో కూడా భేషుగ్గా పనిచేశాయి. చిక్కు తెచ్చింది ఐదో ముక్క. అది కంటికి కనిపించదు.

కనిపించని ముక్క ఎందుకు అనే సందేహం రావచ్చు. దానికి న్యాయమైన పనే ఉంది. ‘బ్యాంక్’ అని రాసి దాని వెంటే ‘లో’ రాస్తే, తెలుగు నియమం ప్రకారం ల వెళ్ళి క కింద ఒత్తుగా చేరుతుంది. ‘బ్యాంక్లో’ అని వస్తుంది. అలా చేరకుండా, పొల్లు పొల్లుగానే నిలిచి ‘బ్యాంక్‌లో’ అని రావాలంటే మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పెట్టాలి. వెడల్పు లేని ఆ గుర్తు చేసే పనల్లా పక్కపక్క అక్షరాలు కలవకుండా ఆపడమే. సాఫ్ట్‌వేర్, రాజ్‌కుమార్ వంటి మాటలన్నిటిలో అది ఉంటుంది. తెలుగు టైపు చేసేవారు తెలిసో తెలియకో రోజూ వాడుతున్నదే.

అయితే 2018లో చుట్టు తిరిగిన సందేశంలో ఆ గుర్తు ఉండవలసిన చోట లేదు. ఞ తర్వాత, దీర్ఘానికి ముందు వచ్చి కూర్చుంది. అక్కడ దానికి పనే లేదు. పిలవని పేరంటానికి వచ్చినట్లు వచ్చింది. సరైన ప్రోగ్రాము అయితే దాన్ని పట్టించుకోకుండా వదిలేయాలి. ఆపిల్ ప్రోగ్రాము వదలలేదు. ముక్కలను తమ తమ చోట్లకు చేర్చే లెక్కలో తడబడింది. గొర్రు తోలేవాడు గట్టు చూసుకోక పక్కవాడి చేలో సాలు వేసినట్లు, తనది కాని జాగాలో రాసింది. అలా జరిగిన తర్వాత యాప్ నిలవదు. కంపెనీ కూడా తన ప్రకటనలో దీన్ని మెమరీని చెడగొట్టే లోపంగానే ఒప్పుకుంది. లోపలికి వచ్చే అక్షరాల వరుసను ఇకపై సరిగా పరీక్షించేట్టు దిద్దామని చెప్పింది.

ఆ రోజుల్లో మొజిల్లా సంస్థలో పనిచేస్తున్న మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ ఈ లోపాన్ని ముక్కముక్కగా విప్పి చూశారు. నేరం ఒక్క ‘జ్ఞా’ది కాదని ఆయన తేల్చారు. ఏ తెలుగు హల్లుకు ఏ ఒత్తు ఇచ్చి, ఆ కనిపించని గుర్తు పెట్టి, గుణింతం తగిలించినా అదే గతి పట్టేది. బెంగాలీలోనూ, హిందీ మరాఠీలు రాసే దేవనాగరి లిపిలోనూ కొన్ని కూర్పులకు ఇదే జరిగేది. వింత ఏమిటంటే తెలుగులో ఐత్వం ఇచ్చినప్పుడు మాత్రం ఫోను పడిపోయేది కాదు. ఐత్వానికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క ఉండటమే దానికి కారణం. దీన్నిబట్టి తప్పు అక్షరంలో లేదని, కూర్చే లెక్కలో ఉందని రుజువైంది. ముందుగా కంటబడింది ‘జ్ఞా’ కాబట్టి పేరు దాని మీద పడింది.

గట్టెక్కిన తీరు

కంపెనీ మందు పంపేదాకా జనం ఊరికే కూర్చోలేదు. ఎవరి చుట్టుదారి వారు పట్టారు.

మొదటిది మిత్రుల సాయం. పాడు సందేశం వచ్చిన వరుసలోకి మరో మామూలు సందేశం పంపమని ఇంకొకరిని కోరేవారు. కొత్త సందేశం పైకి వస్తే పాతది కిందికి జరుగుతుంది. జాబితాలో అది కనిపించదు కాబట్టి యాప్ తెరుచుకుంటుంది. అప్పుడు ఆ సంభాషణను తెరవకుండానే మొత్తంగా తుడిచివేస్తే పీడ విరగడ అవుతుంది. అప్పటికే పరీక్ష కోసం విడుదలైన 11.3 సాఫ్ట్‌వేర్‌లో ఈ లోపం లేకపోవడంతో కొందరు దానికి మారారు.

ప్రోగ్రాములు రాసేవారికి మరో దారి ఉంటుంది. అక్షరాల వరుసను తెర మీదికి పంపే ముందే ఒకసారి జల్లెడ పడతారు. పని లేని చోట ఆ కనిపించని గుర్తు ఉంటే తీసివేస్తారు. అక్షరం రూపానికి నష్టం లేదు, చదువరికి తేడా తెలియదు. శనగకాయలు గానుగకు పోయే ముందు రాళ్ళు ఏరినట్లే ఇదీ. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బద్ధకించి ఆ గుర్తును అన్ని చోట్లా తీసివేస్తే ‘బ్యాంక్‌లో’ మళ్ళీ ‘బ్యాంక్లో’ అయిపోతుంది. చుట్టుదారి వేసేవారు పక్క చేను తొక్కకూడదు.

వార్త లోకమంతా పొక్కిన నాలుగైదు రోజుల్లోనే, 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ కంపెనీ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. అదే రోజు కంప్యూటర్లకు, గడియారాలకు, టీవీ పెట్టెలకు కూడా దిద్దుబాటు పంపింది. ఆ తర్వాత ‘జ్ఞా’ను ఎలా రాసినా ఫోను చలించలేదు.

చివరి ఆయకట్టు భాషలు

ఇది ఒక్క తెలుగుకే జరిగిన అవమానం కాదు. 2013లో ఒక అరబ్బీ అక్షరాల వరుస ఇవే ఫోన్లను పడగొట్టింది. 2015 మేలో అరబ్బీ, మరాఠీ, చైనా అక్షరాలు కలిసిన ఒక ఇంగ్లీషు సందేశం అదే పని చేసింది. అప్పుడు కంపెనీయే ఒక చుట్టుదారి చెప్పింది. సందేశాన్ని కళ్ళతో చూడవద్దని, ఫోనులో మాట్లాడే సిరి చేత చదివించుకోమని, ఆమె చేతనే జవాబు పంపించమని సలహా ఇచ్చింది. తెర మీద గీస్తేనే చిక్కు, చెవితో వింటే చిక్కు లేదు కదా! 2020 ఏప్రిల్‌లో సింధీ అక్షరాలు, ఇటలీ జెండా బొమ్మ కలిసిన సందేశంతో మళ్ళీ అదే గొడవ. మే నెలలో వచ్చిన 13.5 సాఫ్ట్‌వేర్ దాన్ని సరిదిద్దింది.

ఈ వరుస చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. పడగొట్టిన అక్షరాలలో ఎక్కువ భాగం ఒకదానితో ఒకటి కలిసి రూపు మారే లిపులవే. విడివిడిగా నిలిచే ఇంగ్లీషు అక్షరాలకు పరీక్ష ముందు జరుగుతుంది, బాగా జరుగుతుంది. మిగతా భాషల వంతు తర్వాత వస్తుంది. తుంగభద్ర ఎగువ కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ న్యాయం కొత్త కాదు. తలాపున ఉన్నవారి మడి నిండాకే కింద మడికి తడి. మధ్యలో గండి పడితే ముందు ఎండేది చివరి చేనే.

పేరు తెగితే పింఛను ఎవరిది?

ఐఫోను సంగతి తీరిపోయింది. కాని అక్షరాల వరుసను సరిగా పంపలేని ప్రోగ్రాముల బెడద తీరిపోలేదు. అది పల్లెకు వచ్చేది ఫోను ఆగిపోయే రూపంలో కాదు, పేరు తెగిపోయే రూపంలో.

ఒక ఉదాహరణ చూడవచ్చు. జ్ఞానేశ్వరమ్మ అనే పేరు ఉంది. పలికితే ఐదు అక్షరాలు. జ్ఞా, నే, శ్వ, ర, మ్మ. కంప్యూటరు ముక్కల్లో లెక్కిస్తే 13. ఇప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు ముక్క మూడు బైట్లు తింటుంది. అంటే ఈ పేరుకు 39 బైట్లు కావాలి. అదే పేరును ఇంగ్లీషులో రాస్తే 13 బైట్లతో సరిపోతుంది.

ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని రాసిన ప్రోగ్రాము ఒకటి, పేరు గడికి 30 బైట్లు చాలులే అనుకుందనుకోండి. 30 బైట్లలో పట్టేది పది ముక్కలు. పదో ముక్క ‘ర’ దగ్గర కత్తెర పడుతుంది. కాగితం మీద వచ్చే పేరు ‘జ్ఞానేశ్వర’. అమ్మ పోయింది. ఆడమనిషి పేరు మగమనిషి పేరు అయింది. ఆధార్‌లో ఒక పేరు, జాబితాలో ఒక పేరు. వృద్ధాప్య పింఛను ఇచ్చేవారు “ఇది నీ పేరు కాదు గదమ్మా” అంటే ఆ ముసలమ్మ ఏమని చెప్పుకోవాలి?

కత్తెర ఇంకొంచెం ముందు, 24 బైట్ల దగ్గర పడితే ‘జ్ఞానేశ్’ అని పొల్లుతో ఆగిపోతుంది. ముక్క మధ్యలో పడితే చివర ప్రశ్నార్థకమో, ఖాళీ డబ్బానో వస్తుంది. గుణింతం ఒంటరిగా మిగిలితే చుక్కల సున్న ఒకటి దాని పక్కన వెలుస్తుంది. ఇవన్నీ కంటికి కనిపించే ఆనవాళ్ళు. ప్రమాదం కనిపించని వాటితోనే. ‘జ్ఞానేశ్వర’ అని వస్తే చూసేవారికి అది నిండు పేరుగానే కనిపిస్తుంది. తప్పు ఉందని అనుమానమే రాదు.

మామూలు ఎస్ఎంఎస్‌లో కూడా ఈ తేడా ఉంది. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 ముక్కలే పడతాయి. ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి తెలుగు సందేశం త్వరగా నిండిపోతుంది.

మందు లేని రోగం కాదిది. పేరును బైట్ల లెక్కన కాక అక్షరాల లెక్కన కత్తిరించాలి. అసలు పేరును కత్తిరించకుండా గడినే వెడల్పు చేస్తే ఇంకా మేలు. ప్రోగ్రాము రాయించుకునే ఆఫీసులు దాన్ని ఒప్పుకునే ముందు రాము, సీత వంటి చిన్న పేర్లతో కాక, ఒత్తులు నిండిన పొడుగు పేర్లతో పరీక్ష పెట్టించుకోవాలి. ఆ ఒక్క పూట శ్రమ వేలమంది తిరుగుళ్ళను తప్పిస్తుంది.

గ్రామీణులు చేయదగిన పనులూ ఉన్నాయి. రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, పింఛను కాగితం, ఏది చేతికి వచ్చినా పేరు చివరి అక్షరం దాకా చదువుకోవాలి, చదువు రానివారు చదివించుకోవాలి. పేరులో డబ్బాలు, ప్రశ్నార్థకాలు, చుక్కల సున్నలు ఉన్నా, చివర అమ్మ, అప్ప, రెడ్డి, నాయక్ వంటివి లేకపోయినా అక్కడికక్కడే చెప్పి దరఖాస్తు ఇవ్వాలి. వేలిముద్ర వేసి ఇంటికి వచ్చాక తిరిగి ఎక్కే మెట్లు ఎక్కువ. తెలుగు పేరు పక్కనే ఇంగ్లీషు పేరు కూడా అచ్చు వేయమని అడగడం మంచి చుట్టుదారి. ఒకటి తెగినా రెండోది సాక్ష్యం చెబుతుంది. ఫోనుకు కంపెనీ పంపే దిద్దుబాట్లను వాయిదా వేయకుండా ఎక్కించుకోవాలి. ఫలానా అక్షరం పంపితే ఫోను చెడిపోతుందనే సందేశాలను ఇంకొకరికి పంపకుండా ఉండాలి.

పొరుగున ఉన్న కడప జిల్లా కలమళ్ళలో తెలుగును రాతి మీద చెక్కింది ఆరో శతాబ్దంలో. నాటి నుంచి రాయి, రాగిరేకు, తాటాకు, సీసం దాటుకుని ఈ అక్షరాలు గాజు తెర మీదికి వచ్చాయి. తెర మీద సరిగా దించలేకపోతే ఆ తప్పు దించేవారిది. ఆ తప్పుకు భయపడి తెలుగు రాయడం మానుకోనక్కర లేదు. మానుకుంటే దిద్దేవారికి తప్పు కనిపించదు. జాబితాలు తయారుచేయించే అధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించి, ఈసారి అచ్చు వేసే ముందు ఒత్తులున్న పేర్లను ఒకసారి సరిచూడవలసి ఉంది.